ఏడవ బండిలోని పిస్తోళ్లు

ఒరే భుజపు పిడిగా మారే ఒక జర్మన్ ఆయుధం వంగదేశంలో ఎట్లా అడుగుపెట్టింది? పైకి ఒకేలా కనిపించే ఆ పిస్తోళ్ల మధ్య గల తేడాలు చరిత్రకు ఏమి చెబుతాయి?

హౌరాలో బయలుదేరిన రైలు సుమారు 115 కిలోమీటర్లు నడిచి ఖరగ్‌పూర్ చేరుతుంది. అక్కడ ఇనుపదారి రెండుగా చీలుతుంది. ఒకటి పడమటికి మళ్లి టాటానగర్, చక్రధర్‌పూర్ మీదుగా నాగపూర్ వైపు సాగుతుంది. రెండవది దక్షిణానికి తిరిగి బాలాసోర్, కటకం, బరంపురం, వాల్తేరుల మీదుగా మద్రాసు చేరుతుంది. ఈ రెండవ దారి వెంటనే తెలుగువారు ఖరగ్‌పూర్ చేరుకున్నారు. బెంగాల్-నాగపూర్ రైల్వే 1904లో ఇక్కడ పెద్ద వర్క్‌షాపు తెరచిన తరువాత, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చిన కార్మికులు ఈ ఊరిలో స్థిరపడ్డారు. గోల్‌బజార్‌లో నేటికీ బెంగాలీ, హిందీ మాటల నడుమ తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. 1072 మీటర్ల పొడవు గల ఈ స్టేషను ప్లాట్‌ఫారం, 2013లో గోరఖ్‌పూర్ దానిని మించేవరకు, ప్రపంచంలో అన్నిటికన్నా పొడవైనదిగా పేరు పొందింది.

ఈ కూడలికి మరొక కథ కూడా ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధం సాగుతున్న 1915లో, వంగదేశంలోకి వచ్చే మూడు ప్రధాన రైలుమార్గాలను వంతెనలు పేల్చి తెంచివేయాలని విప్లవకారులు తలపోశారు. బాలాసోర్ నుంచి మద్రాసు మార్గాన్ని తెంచే బాధ్యత జతీంద్రనాథ్ ముఖర్జీది. ఆయనే 'బాఘా జతిన్'. బెంగాల్-నాగపూర్ మార్గం పని చూడడానికి భోలానాథ్ ఛటర్జీ చక్రధర్‌పూర్ వెళ్లాడు. అజయ్ నది వద్ద ఈస్టిండియన్ రైల్వే వంతెన సతీశ్ చక్రవర్తి వంతు. ఈ మూడింటిలో రెండు మార్గాలు కలిసేది ఖరగ్‌పూర్‌లోనే. ఆ పథకం నెరవేరి ఉంటే మద్రాసు నుంచి గాని, నాగపూర్ నుంచి గాని కలకత్తాకు సేనలను రైలులో తరలించడం కష్టమయ్యేది.

అంతటి సాహసానికి పూనుకున్నవారి చేతిలో ఉన్న ముఖ్యమైన ఆయుధం ఒక పిస్తోలు. దాని పేరు మౌజర్.

తిరిగిరాని గుమాస్తా

కలకత్తాలో రాడ్డా అండ్ కంపెనీ పేరుమోసిన తుపాకుల వ్యాపార సంస్థ. 1914 ఆగస్టు 26న ఆ కంపెనీకి చెందిన సరుకును సుంకాల కార్యాలయం నుంచి విడిపించి తెచ్చే పని శిరీష్ చంద్ర మిత్రా అనే గుమాస్తాకు అప్పగించారు. హాబు అన్నది అతని ముద్దుపేరు. మొత్తం 202 పెట్టెలు. సరుకు ఏడు ఎద్దుబండ్లపై బయలుదేరింది. ఆరు బండ్లు వాన్సిటార్ట్ రోలోని గిడ్డంగి చేరాయి. 192 పెట్టెలు లోపల పడ్డాయి. మిగిలిన పది పెట్టెలు తీసుకువస్తానని చెప్పి వెళ్లిన గుమాస్తా మళ్లీ తిరిగిరాలేదు. ఏడవ బండి తోలుతున్న మనిషి బండివాడు కాడు. వేషం మార్చుకున్న విప్లవకారుడు హరిదాస్ దత్తా.

కంపెనీవారు పోలీసులకు ఫిర్యాదు చేసేసరికి మూడు రోజులు గడిచాయి. మాయమైన పది పెట్టెలలో 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు ఉన్నాయి. అంటే ఒక్కొక్క పిస్తోలుకు 920 తూటాలన్నమాట.

1918లో రౌలట్ కమిటీ ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక ఈ సంఘటనకు ఎంతో ప్రాముఖ్యం ఇచ్చింది. యాభైలో 44 పిస్తోళ్లు వెనువెంటనే తొమ్మిది విప్లవ బృందాలకు చేరాయని, ఆ తరువాత జరిగిన 54 దోపిడీలు, హత్యలు, హత్యాయత్నాలలో వాటిని వాడారని ఆ నివేదిక లెక్క తేల్చింది. అప్పటికి పోలీసులు తిరిగి పట్టుకోగలిగినవి 31 మాత్రమే. ఈ నివేదిక ఆధారంగానే 1919లో రౌలట్ చట్టం వచ్చింది. దానిపై దేశమంతటా నిరసన చెలరేగింది. అదే సంవత్సరం ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్ మారణకాండ జరిగింది. ఒక ఎద్దుబండి దారి తప్పడం ఎంత దూరం పోయిందో దీనిని బట్టి ఊహించవచ్చు.

పిస్తోలా? తుపాకియా?

రౌలట్ కమిటీని ప్రత్యేకంగా కలవరపెట్టిన విషయం ఒకటి ఉన్నది. ఈ పిస్తోలుతో పాటు వచ్చే చెక్కపెట్టెను దాని పిడికి తగిలిస్తే, రైఫిలు మాదిరిగా భుజానికి ఆన్చి కాల్చే ఆయుధం తయారవుతుంది. మౌజర్ గొప్పతనమంతా ఈ ఒక్క ఏర్పాటులో ఉన్నది.

జర్మనీలోని ఓబెర్న్‌డార్ఫ్ పట్టణంలో, మౌజర్ కర్మాగారంలో పనిచేసే ఫీడెర్లె సోదరులు ముగ్గురు 1890 దశకంలో ఈ పిస్తోలును రూపొందించారు. యజమాని పాల్ మౌజర్ 1895లో తన పేరిట పేటెంటు పొందాడు. 1896లో మొదలైన తయారీ 1937 వరకు సాగింది. మొత్తం సుమారు పది లక్షల పిస్తోళ్లు వెలువడ్డాయి.

ఆనాటి భారత పోలీసు అధికారి నడుమున ఉండేది ఆరు తూటాల వెబ్లీ రివాల్వరు. మౌజర్‌లో పది తూటాలు పడతాయి. వాటిని ఒక్కొక్కటిగా దూర్చనక్కరలేదు. పది తూటాలు వరుసగా అమర్చిన సన్నని లోహపు క్లిప్పును పైనుంచి గాడిలో నిలబెట్టి, బొటనవ్రేలితో నొక్కితే తూటాలన్నీ ఒక్కసారిగా మీటకు ముందున్న అరలోకి దిగుతాయి. ఖాళీ క్లిప్పును లాగివేయగానే గడియ దానంతటదే మూసుకుంటుంది. దీని తూటా చిన్నదే అయినా, వెబ్లీ గుండు కన్న రెట్టింపుకు మించిన వేగంతో దూసుకుపోతుంది.

ఇక ఒర సంగతి. అది వాల్‌నట్ కర్రను గుల్లగా తొలిచి చేసినది. ఒక కొస వెడల్పుగా, కీలు మూతతో ఉంటుంది. రెండవ కొస సన్నగా, ఇనుప నాలుకతో ఉంటుంది. మామూలు వేళ పిస్తోలు ఒర లోపల నిద్రిస్తుంది. అవసరం రాగానే దానిని బయటకు తీసి, ఇనుప నాలుకను పిడి వెనుకనున్న గాడిలోకి జార్చితే కొక్కెం పడుతుంది. మూత ఉన్న వెడల్పాటి కొస భుజానికి ఆనుతుంది. ఈ ఏర్పాటును నమ్ముకుని తయారీదారులు గురిచూసే పలకపై 1000 మీటర్ల వరకు గీతలు గీశారు. అంత దూరాన మనిషిని కొట్టడం పిస్తోలు తూటాకు సాధ్యమయ్యే పని కాదు. అయినా నూరు, నూటయాభై మీటర్ల దూరంలో, ఒట్టి చేతితో కాల్చే పిస్తోలుకు, భుజానికి ఆన్చి కాల్చే మౌజర్‌కు పోలిక లేదు.

చైనాలో ఈ ఆయుధాన్ని 'పెట్టె ఫిరంగి' అన్నారు. ఇంగ్లీషువారు గుండ్రని పిడిని చూసి చీపురుకర్రతో పోల్చారు. ఐర్లండులో దీనికి 'పీటర్ ది పెయింటర్' అనే పేరు స్థిరపడింది. అది 1911లో లండన్‌లోని సిడ్నీ వీధిలో పోలీసులతో పోరాడిన ముఠాకు చెందినవాడని చెప్పుకునే ఒక వ్యక్తి మారుపేరు. ఆనాడు ఆ ముట్టడిని చూడడానికి వచ్చిన హోం మంత్రి విన్‌స్టన్ చర్చిల్. ఆయనకు కూడా మౌజర్‌తో పాత పరిచయమే. 1896లో బొంబాయి రేవులో పడవ దిగుతూ చర్చిల్ భుజం గాయపడింది. అందుచేత 1898లో సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్ వద్ద గుర్రపుదళంతో దూకినప్పుడు కత్తి దూయలేక మౌజర్‌తోనే ప్రాణం కాపాడుకున్నాడు.

ఒకే పేరు, పలు రూపాలు

మౌజర్ అనగానే అన్నీ ఒకటే అనుకోవడం పొరపాటు. నలభై ఏళ్ల తయారీలో దానికి అనేక మార్పులు జరిగాయి.

తొలినాటి పిస్తోళ్లకు వెనుకనున్న సుత్తి శంఖువు ఆకారంలో, మెట్లుమెట్లుగా ఉండేది. తరువాత దాని స్థానంలో పెద్ద ఉంగరం వంటి సుత్తి, ఆ తరువాత చిన్న ఉంగరం వంటి సుత్తి వచ్చాయి. కొన్ని తొలి రకాలకు ఆరు తూటాల అరే ఉండేది. 1899లో ఇటలీ నౌకాదళం కొన్న ఐదు వేల పిస్తోళ్లకు ప్రక్కలు చదునుగా ఉంటాయి. చాలావాటికి ఆ స్థానంలో లోతుగా చెక్కిన పలకలు కనిపిస్తాయి. 1915 ప్రాంతం నుంచి, సుత్తిని కొద్దిగా వెనుకకు లాగినప్పుడే భద్రతా మీట పడే కొత్త పద్ధతి అమలులోకి వచ్చింది. ఆ పద్ధతికి గుర్తుగా సుత్తి వెనుక జర్మన్ భాషలోని రెండు పొడి అక్షరాలను అల్లికగా చెక్కారు.

అసలు తూటా వ్యాసం 7.63 మిల్లీమీటర్లు. 1916లో జర్మన్ సైన్యానికి పిస్తోళ్ల కొరత ఏర్పడినప్పుడు, తమ సైన్యపు 9 మిల్లీమీటర్ల తూటాకు సరిపడేటట్లు లక్షా యాభై వేల మౌజర్లు చేయించడానికి పురమాయించింది. చూడడానికి రెండు రకాలూ ఒక్కటే. తూటాలు తారుమారైతే యుద్ధరంగంలో సైనికుడి ప్రాణానికే ముప్పు. అందువల్ల కొత్తవాటి పిడులపై పెద్ద 9 అంకెను చెక్కి ఎర్రరంగు పూశారు. 'ఎర్ర తొమ్మిది' అన్న పేరు అట్లా వచ్చింది.

యుద్ధం ముగిశాక వర్సేల్స్ సంధి జర్మన్ పిస్తోళ్ల గొట్టం పొడవుకు హద్దు పెట్టింది. మామూలు మౌజర్ గొట్టం 140 మిల్లీమీటర్లు. 1920లలో దానిని 99 మిల్లీమీటర్లకు కుదించి, పిడిని కూడా చిన్నది చేసిన రకం వెలువడింది. సోవియట్ రష్యా వాటిని విస్తారంగా కొన్నది. బోల్షెవిక్ అన్న మాటను కత్తిరించి వాటికి 'బోలో' అని పేరు పెట్టారు. స్పెయిన్‌లోని కర్మాగారాలు మౌజర్‌ను పోలిన పిస్తోళ్లను తయారుచేసి చైనాకు అమ్మసాగాయి. పైకి కవలల వలె ఉన్నా లోపలి యంత్రాంగం వేరు. ఒకదాని భాగాలు మరొకదానికి పనికిరావు. మీట వదిలేవరకు తూటాలు కురిపించే రకాన్ని కూడా స్పెయిన్‌వారే ముందుగా సిద్ధం చేశారు. ఆ పోటీకి తట్టుకోవడానికి మౌజర్ సంస్థ 1930 దశకం ఆరంభంలో, విడదీయగల పది లేదా ఇరవై తూటాల అరతో తన సొంత వేగపు పిస్తోలును తెచ్చింది. చైనాలోని షాన్సీ రాష్ట్రపు ఆయుధశాల మరొక మెట్టు ఎక్కి, లావుపాటి 11.43 మిల్లీమీటర్ల తూటా పట్టే భారీ మౌజర్లను చేసింది.

ఏ ఒర దేనికి?

ఇన్ని రూపాలు ఉన్నప్పుడు ఉపకరణాలు కలగాపులగం కావడం సహజం. పాత వస్తువులు సేకరించేవారు, మ్యూజియం నిర్వాహకులు తరచు మోసపోయేది ఇక్కడే.

బోలోకు చేసిన పొట్టి ఒరలో మామూలు మౌజర్ గొట్టం ఇమడదు. పొడుగాటి ఒరలో బోలోను పెడితే వదులుగా కదులుతూ ఉంటుంది. వేగపు పిస్తోలుకు ప్రక్కన అదనపు మీట ఉండటంచేత దాని ఒర లోపలి గుల్లను వేరుగా తొలవవలసి వచ్చింది. షాన్సీవారి భారీ పిస్తోలుకు ఒర కూడా భారీదే. కొన్ని చిన్నరకాలకు పిడి వెనుక గాడే ఉండదు. వాటికి ఏ ఒరనూ భుజపు పిడిగా తగిలించలేము. 

కొలతలు సరిపోయినంత మాత్రాన జత కుదిరినట్లు కాదు. ఆనాడు ఇనుప నాలుకను గాడిలో కూర్చే పని చాలావరకు చేతి ఆకురాయి మీద ఆధారపడినది. ఒక పిస్తోలుకు బిగుతుగా కుదిరిన ఒర అదే రకానికి చెందిన మరొకదానికి వదులు కావచ్చు. అందువల్ల అనేక పిస్తోళ్ల వరుససంఖ్యను ఒరకు గల ఇనుప భాగంపై కూడా పొడిచేవారు. ఆ రెండు సంఖ్యలూ ఒకటైతే అవి కర్మాగారంలో పుట్టిన జంట. వేరైతే, ఎవరో ఎప్పుడో కలిపిన జోడు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనిచేసిన ఏ ఫిట్టరుకైనా ఈ సూత్రం కొత్తది కాదు. ఒకే నమూనా ప్రకారం చేసినా, చేతితో కూర్చిన భాగానికి దాని స్థానం దానికే ఉంటుంది.

చషాఖండ్ పోరు

బాఘా జతిన్ బాలాసోర్‌కు చేరువలో, మయూర్‌భంజ్ సంస్థానంలోని కప్తిపద వద్ద తలదాచుకుని, ఆయుధాలతో రావలసిన 'మావెరిక్' అనే నౌక కోసం ఎదురుచూశాడు. ఆ నౌకకు మరొక ఓడ నుంచి అందవలసిన ఆయుధాలు అందనేలేదు. నౌక వట్టి చేతులతో మిగిలింది. ఇటు బాలాసోర్‌లో 'యూనివర్సల్ ఎంపోరియం' అనే దుకాణం విప్లవకారుల స్థావరమని పోలీసులు పసిగట్టారు.

1915 సెప్టెంబరు 9న బుడిబాలం నది సమీపంలోని చషాఖండ్ వద్ద పోలీసు దళం జతిన్ బృందాన్ని చుట్టుముట్టింది. వారు ఐదుగురు: జతీంద్రనాథ్, చిత్తప్రియ రాయ్ చౌధురి, మనోరంజన్ సేన్‌గుప్తా, నీరేంద్రనాథ్ దాస్‌గుప్తా, జ్యోతిష్ పాల్. అటువైపు రైఫిళ్లు ధరించిన దళం, దాని వెంట కలకత్తా పోలీసు అధికారి చార్లెస్ టెగార్ట్. ఒరలను పిడులకు తగిలించిన మౌజర్లతో ఆ ఐదుగురూ గంటకు పైగా నిలబడ్డారు.

అప్పుడు అడ్డం వచ్చింది ధైర్యలోపం కాదు. తూటాలు తరిగిపోయాయి. చిత్తప్రియ అక్కడే ఒరిగిపోయాడు. తీవ్రంగా గాయపడిన జతిన్ మరునాడు బాలాసోర్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. మనోరంజన్, నీరేన్‌లను ఉరితీశారు. జ్యోతిష్ పాల్‌కు ద్వీపాంతర శిక్ష పడింది.

ఇక్కడ మౌజర్‌లోని పెద్ద లోపం బయటపడుతుంది. ఆ పిస్తోలు ఎంత గొప్పదైనా దాని తూటా ఈ దేశపు పోలీసు ఠాణాలలో దొరకదు. ఓడ మీద రావాలి, లేదా రాడ్డా పెట్టెలలో మిగిలి ఉండాలి. ఏడేళ్ల తరువాత, 1922 ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడిచేసి 26 తుపాకులను, రెండువేలకు పైగా తూటాలను చేజిక్కించుకున్నాడు. అవి మౌజర్ వంటి వింత ఆయుధాలు కావు, పోలీసుల మామూలు తుపాకులే. అయితే తుపాకి, దానికి సరిపడే తూటా రెండూ ఒకేచోట దొరికాయి. ఆయుధశాస్త్రంలో జత కుదరడమంటే అర్థం ఇదే.

డబ్లిన్ నుంచి ఖరగ్‌పూర్‌కు

మౌజర్‌ను ఐర్లండు తిరుగుబాటుదారులు మోస్తున్న రోజులలో డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న తెలుగు యువకుడు ఒకరు ఉండేవారు. బరంపురంలో పుట్టిన ఆయన పేరు వరాహగిరి వెంకటగిరి. 1916 ఈస్టరు తిరుగుబాటు తరువాత, ఆ ఉద్యమంతో సంబంధం ఉన్నదనే అనుమానంపై ఆయనను ఆ దేశం విడిచి వెళ్లమన్నారు. స్వదేశం చేరిన గిరి బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికుల సంఘానికి నాయకులయ్యారు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికుల పోరాటంలో ఆయన ముందు నిలిచారు. 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు.

బాఘా జతిన్ తెంచాలని తలచిన రైలుమార్గంలోనే గిరి మరొక ఆయుధాన్ని ప్రయోగించారు. వేలాది కార్మికులు చేతులు కట్టుకుని నిలబడితే వంతెన పేల్చకుండానే బండ్లు ఆగుతాయని చూపించారు. ఆ ఆయుధానికి ఒర లేదు, తూటా అక్కరలేదు.

అదే ఊరి అంచున, హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న మరొక దృశ్యం కనిపించింది. నిరాయుధులైన రాజకీయ ఖైదీలపై పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. ఆ భవనంలోనే సాంకేతిక విద్యాలయం ఆరంభమై, ఐ.ఐ.టి.గా ప్రసిద్ధి చెందింది.

సాక్ష్యం పలికే ఇనుము

పిస్తోలు రకాలను ఇంత సూక్ష్మంగా తెలుసుకోవడం వల్ల ప్రయోజనమేమిటని ఎవరికైనా తోచవచ్చు. ప్రయోజనం చరిత్రకే. ఏ పాత ఇంటి అటకమీదనో, ఏ సంస్థానపు ఆయుధశాలలోనో మౌజర్ ఒకటి కనిపించగానే అది విప్లవకారులదేనన్న కథ పుట్టడం సహజం. అటువంటి కథను ఇనుమే పరీక్షిస్తుంది.

రాడ్డా పిస్తోళ్లు 1914 ఆగస్టులో కలకత్తాలో దిగాయి. కనుక పిడిపై ఎర్రని 9 అంకె ఉన్నది వాటిలో ఒకటి కాజాలదు. అది 1916 తరువాతి సరుకు. పొట్టి గొట్టపు బోలో కాదు, విడదీయగల అర ఉన్న వేగపు పిస్తోలు అంతకన్నా కాదు. సుత్తి వెనుక అల్లిక అక్షరాలు కనిపిస్తే అది కూడా అనుమానించవలసినదే. ఈ పరీక్షలన్నిటికీ నిలిచినా సరిపోదు. రాడ్డా కంపెనీ ప్రతి పిస్తోలు వరుససంఖ్యను తన పుస్తకంలో వ్రాసి ఉంచింది. ఆ సంఖ్యలలో ఒకటి ఈ ఇనుముపై ఉండాలి. ఒర మాత్రమే పాతదై పిస్తోలు వేరైతే, సగం నిజమే చేతికి వచ్చినట్లు.

యాభైలో ముప్పైయొకటి 1918 నాటికి దొరికాయి. మిగిలిన పందొమ్మిది ఆనాటికి పోలీసుల చేతికి చిక్కలేదు. నదులలో పడవేసినవి కావచ్చు, మట్టిలో పాతిపెట్టినవి కావచ్చు. ఏ పెరడు త్రవ్వకంలోనో అటువంటిది బయటపడితే దానిని శుభ్రం చేయబూనడం గాని, దాచుకోవడం గాని తగదు. లోపల పాత తూటా ఉండే ప్రమాదమూ ఉన్నది, ఆయుధాల చట్టమూ ఉన్నది. పోలీసులకు అప్పగించి, దానిపైనున్న సంఖ్యను తప్పక నమోదు చేయించడమే దేశానికి చేసే సేవ.

ఖరగ్‌పూర్‌లో ఇనుపదారి నేటికీ రెండుగానే చీలుతుంది. మద్రాసు వైపు మళ్లిన బండి రెండు గంటలు తిరగకముందే బాలాసోర్ చేరుతుంది. కిటికీ ప్రక్కన కూర్చున్న తెలుగు ప్రయాణికుడు నిద్రలోనే ఆ ఊరు దాటిపోతాడు. వంతెనలు చెక్కుచెదరలేదు. కాని వాటిని తెంచాలని వచ్చి, చివరి క్లిప్పు ఖాళీ అయ్యేవరకు నిలబడిన ఐదుగురి కథ ఆ పట్టాల ప్రక్కనే ఉన్నది.